కురుమూర్తి జాతరకు ముందు పదహారు వారాలు: టవర్ల లోడు అంచనా డైరీ

2025 జూలై 7, సోమవారం

ఈ రోజు పని మా చేతికి వచ్చింది. పాలమూరు ప్రాంతంలో దేవరకద్ర, చిన్నచింతకుంట, మక్తల్ వైపున్న 48 టవర్ల 4జీ లెక్కలు, 2024 జూన్ నుంచి ఇప్పటిదాకా, పావుగంటకు ఒకటి చొప్పున ఇచ్చారు. అడిగింది ఒకే మాట: ఏ సెల్లు (టవరులో ఒక దిక్కును చూసుకునే భాగం) ఎప్పుడు నిండిపోతుందో ముందే చెప్పాలి. దానికి ఏ అల్గారిథమ్ వాడాలో తేల్చడం నా వంతు. నాతో మా జూనియర్ అమ్మాయి ఒకరు, ఇరవై ఏళ్లుగా టవర్లు చూసుకుంటున్న టెక్నీషియన్ అన్న ఒకరు ఉంటారు.

ఈ పని నేనే కోరి తీసుకున్నాను. పోయిన ఏడు కురుమూర్తి స్వామి పాదుకలను తెచ్చే ఉద్దాల ఉత్సవం నాడు, 2024 నవంబరు 8న, అమ్మానాన్నలతో కురుమూర్తి కొండ కింద ఉన్నాను. వడ్డేమాన్ నుంచి స్వామివారి ఉద్దాలు వస్తున్నాయంటే జనం ఒక్కసారిగా ముందుకు కదిలారు, నాన్న చేయి విడిపోయింది. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. కాల్ మాత్రం వెళ్లదు. గంటన్నర తరువాత మిఠాయి దుకాణం పక్కన అరుగు మీద కూర్చుని కనిపించారు. ఆయనకు చక్కెర వ్యాధి ఉంది, మాత్రలేమో నా సంచిలో ఉన్నాయి. ఆ గంటన్నర నేను మరచిపోలేదు.

ఈ ఏడు ఉద్దాల ఉత్సవం జరిగే కార్తీక శుద్ధ సప్తమి అక్టోబరు 28న వస్తోంది. పదహారు వారాల మీద ఒక్క రోజు గడువు.

జూలై 12, శనివారం

వారమంతా మోడళ్ల జోలికి పోలేదు. ఏ వరుసను అంచనా వేయాలన్నదే తేల్చుకుంటున్నాము.

మాకిచ్చిన పట్టికలో ముందు కనిపించేది రిసోర్స్ బ్లాకుల వాడకం శాతం. 4జీలో గాలిని చిన్న చిన్న మడులుగా కోసి ఫోన్లకు పంచుతారు. ఒక్కో మడి 180 కిలోహెర్ట్జ్. 5 మెగాహెర్ట్జ్ సెల్లుకు 25 మడులు, 10కి 50, 20కి 100. వాటిలో ఎన్ని పారుతున్నాయన్నదే ఈ శాతం. అందరూ దీన్నే అంచనా వేస్తారు, నేనూ అదే అనుకున్నాను.

కొండ కింది సెల్లులో పోయిన నవంబరు 8 నాటి వరుసలు తీసి చూశాక మనసు మార్చుకున్నాను. సాయంత్రం 5 నుంచి రాత్రి 9 వరకు 16 లెక్కలున్నాయి. పదహారూ 97కీ 100కీ మధ్యనే. గీత గీస్తే చదునైన గోడలా వచ్చింది. 5 గంటలకు వచ్చిన జనం, 8 గంటలకు కిక్కిరిసిన జనం ఈ గీతలో ఒకటే.

చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు కట్ట దగ్గరి కొలబద్ద ఎంత చూపిస్తుంది? నిండు మట్టమే. అలుగు మీద జానెడు నీరు పోతోందా, నడుములోతు పోతోందా అన్నది కొలబద్దకు తెలియదు. ఈ శాతమూ అంతే. దీన్ని ఏ అల్గారిథమ్‌కు నేర్పినా, "జాతర నాడు 100 దాటదు" అనే నేర్చుకుంటుంది. మనకు కావలసింది అలుగు మీది నీటి లెక్క.

పక్కనే ఇంకో వరుస ఉంది: ఫోన్లు టవరును కనెక్షన్ అడిగిన సార్లు. ఆ నాలుగు గంటల్లో వాడకం శాతం కదలకుండా ఉంటే, ఈ అంకె మాత్రం ఎక్కుతూనే పోయింది. అయితే దీన్నీ ఉన్నదున్నట్టు నమ్మలేము. దొరకని ఫోను మళ్లీ మళ్లీ అడుగుతుంది, ఒక మనిషి పదిమందిగా కనబడతాడు. అసలు గిరాకీ ఈ రెండు అంకెల నడుమ ఎక్కడో ఉంది. ప్రస్తుతానికి కనెక్ట్ అయి ఉన్న ఫోన్ల సంఖ్యను, డేటా పరిమాణాన్ని అంచనా వేస్తాము. వాడకం 95 శాతం దాటిన ప్రతి లెక్కకూ "ఇది అలుగు పారిన వేళ" అని గుర్తు పెడతాము.

జూలై 19, శనివారం

సున్నాల సంగతి. ఒక టవరు లెక్కల్లో మే నెల నిండా అక్కడక్కడా సున్నాలు ఉన్నాయి. మా అమ్మాయి వాటిని మామూలు అంకెలుగానే తీసుకుంది. నాకు అనుమానం వచ్చి టెక్నీషియన్ అన్నతో కలిసి దేవరకద్ర దాటాక ఉన్న ఆ టవరు దగ్గరికి వెళ్లాను.

కంచె లోపల జనరేటర్ గది గోడకు వైరుతో కట్టిన పాత నోటుపుస్తకం వేలాడుతోంది. నూనె మరకల మధ్య తేదీ, కరెంటు పోయిన వేళ, బ్యాటరీ దిగిన వేళ, డీజిల్ పోసిన వేళ నీలం సిరాతో రాసి ఉన్నాయి. అన్న వేలు పెట్టి చూపించాడు. "మేడమ్, ఇది గాలివాన నాడు. కరెంటు పోయింది, బ్యాటరీ అయిపోయింది, దారిలో చెట్టు పడి నేను రాలేకపోయాను. టవరే ఆగిపోయింది. మీకు సున్నా వచ్చిందంటే జనం ఫోను పట్టలేదని కాదు." తరువాత ఇంకో మాట అన్నాడు: "ఇది ఆగితే ఆ లోడంతా పక్క ఊరి టవరు మీద పడుతుంది. అక్కడ కూడా చూడండి."

చూశాము. పక్క టవరులో అదే గంటకు కొమ్ములాంటి పెరుగుదల ఉంది. మేము దాన్ని జనం రద్దీ అనుకుని మోడల్‌కు నేర్పబోయాము. ఆ నోటుపుస్తకం పేజీలన్నీ ఫోటోలు తీసుకున్నాను. సున్నాలను ఖాళీలుగా మార్చి, వాటి పొరుగున వచ్చిన కొమ్ములకూ గుర్తు పెట్టాము. ఇదే వారమంతా తిన్నది. తినాల్సిందే.

ఆగస్టు 2, శనివారం

మొదటి పోటీదారు సిద్ధం: పోయిన వారం ఇదే రోజు, ఇదే వేళకు ఎంత ఉందో అంతే. లెక్కంటూ ఏమీ లేదు. పావుగంటకొకటి చొప్పున రోజుకు 96, వారానికి 672 లెక్కలు. 672 అడుగులు వెనక్కి వెళ్లి ఆ అంకెను తెచ్చి పెట్టడమే.

దీన్ని చిన్నచూపు చూడవద్దని మా అమ్మాయికి గట్టిగా చెప్పాను. పల్లె సెల్లుల్లో ఇది చాలా బాగా పనిచేస్తోంది. దేవరకద్రలో సంత రోజు సంతే, ఆదివారం ఆదివారమే. ఇకపై ఏ పద్ధతి వచ్చినా దీన్ని ఓడించి తీరాలి, లేకపోతే జాబితాలో ఉండదు.

తప్పును కొలిచే తీరు గురించి కొంత వాదన జరిగింది. తను శాతాల్లో సగటు తప్పు తీసింది. తెల్లవారుజామున 3 గంటలకు 2 ఫోన్లు ఉన్నచోట మనం 4 అంటే తప్పు 100 శాతం. సాయంత్రం 80 ఉన్నచోట 60 అంటే 25 శాతమే. కానీ జనానికి ఇబ్బంది కలిగించేది రెండోది. ఊరంతా నిద్రపోతున్న వేళ జరిగిన తప్పు, మోడల్ తలరాతను నిర్ణయించకూడదు. అందుకే హైండ్‌మన్, కోయ్‌లర్ 2006లో ప్రతిపాదించిన మేస్ అనే కొలత తీసుకున్నాము. మన తప్పును, "పోయిన వారం ఇదే వేళ" అనే పద్ధతి చేసే తప్పుతో భాగిస్తాము. 1 కంటే తక్కువ వస్తేనే ఆ పద్ధతికి విలువ.

ఆగస్టు 20, బుధవారం

హోల్ట్-వింటర్స్. 1957లో హోల్ట్, 1960లో వింటర్స్ ఇచ్చిన పద్ధతి. అందులో మూడు ముక్కలే ఉన్నాయి: మట్టం, వాలు, తిరిగి తిరిగి వచ్చే చక్రం. కొత్త లెక్క రాగానే మూడింటినీ కొద్దికొద్దిగా సవరించుకుంటూ పోతుంది. నాకు దీని మీద గౌరవం పెరిగింది. పాలమూరు పల్లెలకు ఇది సరిగ్గా సరిపోతుంది. పనుల కోసం ముంబై, పుణె వైపు వెళ్లిన కుటుంబాలు పండుగకు తిరిగి వస్తే సెల్లు మట్టం లేస్తుంది, వెళ్లిపోతే దిగుతుంది. ఎవరూ చెప్పకుండానే ఆ మట్టాన్ని ఇది పట్టుకుంటుంది.

చిక్కు చక్రం దగ్గర వచ్చింది. ఇది ఒకే చక్రాన్ని మోయగలదు. 96 ఇస్తే రోజు తెలుస్తుంది, సంత రోజు తెలియదు. 672 ఇస్తే మొదట్లోనే అన్ని అంకెలు సర్దుకోవాలి, గీత వణుకుతోంది. గంటకు ఒకటిగా కలిపి 168తో నడిపితే నెమ్మదించింది. టవరు మనుషులకు పావుగంట అంచనా అవసరమా అని అన్నను అడిగాను. "గంట ముందు చెబితే చాలు మేడమ్, పావుగంటలో నేను ఎక్కడికీ చేరలేను" అన్నాడు. కాబట్టి గంటకొకటే.

అరిమా: పాత అంకెలను, పాత తప్పులను చూసి ముందుది చెప్పే పద్ధతుల కుటుంబం, 1970లో బాక్స్, జెంకిన్స్ పుస్తకంతో స్థిరపడింది. 168 చక్రంతో నేరుగా నడిపితే మా కంప్యూటర్ ఒక్క సెల్లు కోసం రాత్రంతా మూలిగింది. వందకు పైగా సెల్లులకు ఇది కుదరదు. చక్రాన్ని సైన్, కొసైన్ అలలుగా విడగొట్టి ఇచ్చి, మిగిలిన దానికి మాత్రమే అరిమా వాడితే వేగం వచ్చింది. ఫలితం హోల్ట్-వింటర్స్‌కు దగ్గర దగ్గరగా ఉంది. సరిచూడడం మాత్రం కష్టం, సెల్లు సెల్లుకూ కూర్చోవాలి. పక్కన పెట్టాను.

సెప్టెంబరు 6, శనివారం

ఈ వారం జరిగింది వివరంగా రాయాలి.

మా అమ్మాయి లైట్‌జీబీఎం అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతితో మోడల్ కట్టి, మేస్ చాలా తక్కువ వచ్చిందని సంతోషంగా చూపించింది. అంత తక్కువ రావడం నమ్మశక్యంగా లేదు. "పరీక్ష లెక్కలను ఎలా విడదీశావు?" అని అడిగాను. "అన్నీ కలగలిపి, ఐదింట ఒక వంతు ఏరి పక్కన పెట్టాను అక్కా" అంది. అక్కడే దొరికింది. 10 గంటల లెక్క, 12 గంటల లెక్క నేర్చుకోవడానికి ఇచ్చి, 11 గంటలది అడిగితే ఎవరైనా చెబుతారు. రేపటిని అడిగేటప్పుడు ఎల్లుండి మన చేతిలో ఉండదు.

కాలక్రమంలో విడదీశాము. ఒక తేదీ దగ్గర ఆగి, ఆ ముందువి మాత్రమే నేర్పి, తరువాతి వారాన్ని అడగడం. తరువాత వారం ముందుకు జరిగి మళ్లీ అదే. ఇలా పన్నెండు సార్లు. లైట్‌జీబీఎం మేస్ ఒక్కసారిగా 1 దగ్గరికి ఎక్కింది. తన ముఖం వాడిపోయింది. తప్పు బయటపడినందుకు నాకైతే ఊరట కలిగింది. ఇది జాతర తరువాత బయటపడి ఉంటే ఏమయ్యేది?

రెండో లోపం కూడా తనే కనిపెట్టింది, అది మెచ్చుకోవలసిన విషయం. అవును-కాదు ప్రశ్నలతో కొమ్మలుగా చీలే చెట్ల మీద ఆధారపడిన ఈ మోడళ్లు, నేర్చుకున్న లెక్కల్లోని గరిష్ఠం దాటి చెప్పలేవు. ఆకు దగ్గర ఉండేది పాత లెక్కల నుంచి తీసిన అంకే. జడ్చర్ల, భూత్పూర్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి పక్కన రెండు టవర్లను పోలిక కోసం అడిగి తెచ్చుకున్నాము. అక్కడ వాడకం నెలనెలా పెరుగుతోంది, మోడల్ మాత్రం ద్వారబంధానికి తల తగిలినట్టు ఒకచోట ఆగిపోతోంది. తను నేరుగా ఫోన్ల సంఖ్యను అడగడం మానేసి, పోయిన వారంతో పోలిస్తే ఎన్ని రెట్లు అని అడిగింది. రెట్లకు గరిష్ఠం దాటే అవసరం రాదు. ఆ మార్పుతో రహదారి సెల్లుల్లో హోల్ట్-వింటర్స్‌ను స్పష్టంగా దాటింది. పల్లె సెల్లుల్లో దాటలేదు.

అంచనా పద్ధతుల మధ్య 2018లో జరిగిన ఎం4 పోటీ గుర్తొచ్చింది. లక్ష వరుసల మీద జరిగిన ఆ పోటీలో పూర్తిగా మెషీన్ లెర్నింగ్ మీదే నిలిచిన పద్ధతులు వెనకబడ్డాయి. ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్‌ను న్యూరల్ నెట్‌వర్క్‌తో జోడించిన స్లావెక్ స్మిల్ గెలిచారు. 2020లో వాల్‌మార్ట్ అమ్మకాల మీద జరిగిన ఎం5లో లైట్‌జీబీఎం వాడినవారు ముందు నిలిచారు. అక్కడి వరుసలు ఒకదానికొకటి సంబంధించినవి, ధరలు, పండుగలు వంటి బయటి సమాచారమూ ఉంది. మా పల్లె సెల్లులు మొదటి పోటీని తలపిస్తున్నాయి, రహదారి సెల్లులు రెండో దాన్ని. అన్నిటికీ ఒకే అల్గారిథమ్ అనే పట్టుదల ఈ రోజుతో వదిలేశాను.

సెప్టెంబరు 14, ఆదివారం

ఎల్‌ఎస్‌టిఎం: 1997 నాటి ఈ న్యూరల్ నెట్‌వర్క్ లేకుండా ఎవరూ నివేదిక ఒప్పుకోరన్నారు, అందుకని నడిపాము. అన్ని సెల్లులను కలిపి నేర్పినా ఉన్నది పదిహేను నెలల సమాచారమే. లైట్‌జీబీఎంను దాటలేదు. ఎందుకు తప్పిందో అన్నకు వివరించే దారీ కనిపించలేదు. ప్రాఫెట్ 2017లో ఫేస్‌బుక్ నుంచి వచ్చింది. పండుగ తేదీలను సులువుగా ఇవ్వవచ్చు, అది నచ్చింది. అయితే గంట కిందట ఏం జరిగిందో అది పట్టించుకోదు, కాబట్టి దగ్గరి అంచనాకు వెనకబడింది.

5జీ ప్రమాణాల్లో ఎన్‌డబ్ల్యుడిఏఎఫ్ అనే, నెట్‌వర్క్ లెక్కలను విశ్లేషించే విభాగం ఉందని, దాన్ని చూసి అల్గారిథమ్ ఎంచుకోమని ఒకరు సలహా ఇచ్చారు. చదివాను. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ తన 23.288 పత్రంలో ఏ సమాచారం లోపలికి వెళ్లాలి, ఏ అంచనా ఏ రూపంలో బయటికి రావాలి అన్నది వివరంగా చెప్పింది. లోపల ఏ అల్గారిథమ్ ఉండాలో చెప్పలేదు, ఆ ఎంపికను మనకే వదిలింది. ఒక మంచి విషయం దొరికింది: అంచనాతో పాటు దాని మీద ఎంత నమ్మకమో కూడా చెప్పే ఏర్పాటు అందులో ఉంది. మా పట్టికలోనూ ఆ గడి చేర్చాను.

అక్టోబరు 5, ఆదివారం

బతుకమ్మ, దసరా గడిచాయి. సద్దుల బతుకమ్మ రాత్రి చెరువుగట్ల పక్కనున్న సెల్లులన్నీ లేచాయి. ఆడపడుచులు బతుకమ్మను వీడియో కాల్‌లో దూరాన ఉన్నవారికి చూపించే వేళ అది. మోడళ్లన్నీ తక్కువ చెప్పాయి. కారణం వెతికితే సిగ్గుపడేంత తేలిక: తేదీ గడిలో ఇంగ్లిష్ క్యాలెండర్ మాత్రమే ఉంది.

ఇదే జాతర విషయంలోనూ బయటపడింది. లైట్‌జీబీఎంను ఈ ఏటి జాతర లోడు అడిగితే నవంబరు 8 దగ్గర చిన్న గుట్ట చూపించింది. అప్పటికి సప్తమి దాటి పదకొండు రోజులు అయి ఉంటుంది. మా అమ్మాయి వాళ్ల నానమ్మ దగ్గర నుంచి పంచాంగం తెచ్చి, రెండు రోజులు కూర్చుని ప్రతి తేదీకీ మాసం, పక్షం, తిథి గడులు నింపింది. తోడుగా "సప్తమికి ఇంకా ఎన్ని రోజులు" అనే గడి చేర్చింది. గుట్ట అక్టోబరు 28కి జరిగింది. రెండు నెలలుగా అల్గారిథమ్‌లు మారుస్తూ మేము సాధించిన దానికంటే, జాతర తేదీల విషయంలో ఈ నాలుగు గడులు సాధించింది ఎక్కువ.

ఒక ఇబ్బంది మిగిలింది. మా లెక్కల్లో ఉన్నది ఒకే ఒక్క జాతర. ఒక్క ఉదాహరణతో ఏ అల్గారిథమూ ఏమీ నేర్చుకోలేదు, గుట్ట ఎత్తు అందుకే తక్కువగా ఉంది. పైగా ఆ ఒక్కటీ అలుగు పారిన రోజు.

అక్టోబరు 18, శనివారం

జాతర రోజుకు మోడల్‌ను పక్కన పెట్టి చేత్తో లెక్క కట్టాము. పోయిన నవంబరు 8ని, దాని ముందరి నాలుగు మామూలు శుక్రవారాల సగటుతో గంట గంటకూ భాగిస్తే రెట్లు వచ్చాయి. ఈ ఏటి మామూలు మంగళవారాలకు హోల్ట్-వింటర్స్ ఇచ్చిన అంచనాను ఆ రెట్లతో గుణించాము. అలుగు గుర్తున్న గంటలకు రెట్లను పెంచాలి. ఎంత? కింది హద్దు, కనెక్ట్ అయిన ఫోన్లు. పై హద్దు, కనెక్షన్ అడిగిన సార్లు. టవరు నిండక ముందు ఒక ఫోను సగటున ఎన్నిసార్లు అడిగేదో తీసి, దానితో పై హద్దును భాగించి మధ్యకు తెచ్చాము.

ఆ పైన 90 శాతం స్థాయి, అంటే పదింట తొమ్మిది సార్లు అసలు లోడు దాటని అంకె, తీసుకున్నాము. తక్కువ చెప్పి జరిగే తప్పును, ఎక్కువ చెప్పి జరిగే తప్పుకంటే తొమ్మిది రెట్లు బరువుగా చూసే కొలత అది. ఎక్కువ చెబితే తాత్కాలిక టవరు బండి ఒకటి ఖాళీగా నిలబడుతుంది. తక్కువ చెబితే ఎవరి నాన్నో అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తారు. తొమ్మిది కూడా తక్కువే అనిపించింది, కానీ బండ్లు ఇచ్చేవాళ్లు అంతకు మించి ఒప్పుకోలేదు.

ఒక బండి కొండ కింద, మరొకటి వడ్డేమాన్ దారి వైపు అని తేలింది.

అక్టోబరు 28, మంగళవారం, రాత్రి 11.40

తెర ముందు నుంచి లేవలేదు. మధ్యాహ్నం దాటాక వడ్డేమాన్ వైపు సెల్లులు మొదట నిండాయి, ఆ తరువాత లోడు కొండ వైపు జరగడం తెర మీద కళ్లకు కట్టినట్టు కనిపించింది. కొండ కింది సెల్లు 6 గంటల నుంచి 90 దగ్గర ఊగిసలాడింది. రెండు పావుగంటలు తప్ప అలుగు పారలేదు. కనెక్షన్ అడిగిన సార్లు, దొరికిన సార్లు దాదాపు కలిసి నడిచాయి. నాకు కావలసిన గీతలు ఆ రెండే.

ఒకచోట ఘోరంగా తప్పాము. తూర్పు వైపు సెల్లు 5 గంటలకే నిండి 8 దాకా దిగలేదు. అన్నకు ఫోను చేస్తే, "మేడమ్, ఈసారి జనం బండ్లు ఆపే చోటు ఇటు మార్చారు, జనమంతా ఇక్కడే దిగుతున్నారు" అన్నాడు. ఆ మార్పు పొద్దున్నే అక్కడివారందరికీ తెలుసు. మేము అడగలేదు. వడ్డేమాన్ దారి బండిని అటు పంపేసరికి 8 అయింది. మూడు గంటలు అక్కడివాళ్లు కాల్ కోసం అవస్థ పడ్డారు.

నవంబరు 3, సోమవారం

తీసుకున్న నిర్ణయాలు. పల్లె సెల్లులకు గంటకొకటిగా, 168 చక్రంతో హోల్ట్-వింటర్స్. రహదారి, పట్టణ సెల్లులకు రెట్లు అడిగే లైట్‌జీబీఎం, పంచాంగం గడులతో. రాత్రి అదనపు బ్యాండ్‌ను ఆపి కరెంటు ఆదా చేసే పనికి కూడా ఇవే అంచనాలు, కాకపోతే ఇంకా పై స్థాయిలో, ఎందుకంటే అర్ధరాత్రి ఆసుపత్రికి చేసే కాల్ ఆగకూడదు. జాతరలకు చేతి లెక్క. ఇక ప్రతి జాతరకు వారం ముందు టెక్నీషియన్‌కు, ఊరి సర్పంచ్‌కు, బండ్లు ఆపే చోటు చూసేవారికి ఫోను చేసి, వాళ్లు చెప్పింది ఒక గడిలో రాయడం. ఆ గడికి మా అమ్మాయి "అడిగామా?" అని పేరు పెట్టింది.

వచ్చే ఏడు అధిక జ్యేష్ఠం ఉంది. దీపావళి 2026 నవంబరు 8కి జరుగుతుంది, కురుమూర్తి సప్తమి నవంబరు మూడో వారానికి పోతుంది. తిథి గడులు 2027 చివరి దాకా నింపమని చెప్పాను.

అంతకంటే ముందు మన్యంకొండ జాతర. మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 1న. పోయిన ఫిబ్రవరి 12 నాటి లెక్కల్లో కనెక్షన్ అడిగిన సార్లు ఉన్న వరుస రేపు ఉదయం తీయాలి. అన్న అక్కడి జనరేటర్ గది నోటుపుస్తకం ఫోటోలు ఇప్పటికే పంపించాడు.